సరిహద్దు జనం అనే సాంకేతిక లోపం

ఏ సమాచారమైనా ఒక్కచోటే ఉండాలి, రెండుచోట్ల ఉంటే రెండూ అబద్ధాలే. సాఫ్ట్‌వేర్ వృత్తిలో మాకిది వేదవాక్యం. దీన్ని పాటించని వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దురదృష్టవశాత్తు నేను పుట్టిందే అలాంటి వాళ్ల మధ్య. ఒడిశాలో గజపతి జిల్లాకు ముఖ్యపట్టణమైన మా పర్లాకిమిడిలో ఏదీ ఒక్కటిగా లేదు. కొత్త సంవత్సరాలు రెండు: ఉగాది వెళ్లిందో లేదో ఏప్రిల్ నడుమ పణా సంక్రాంతి వస్తుంది. దుకాణాల బోర్డుల మీద లిపులు రెండు, కొన్నిచోట్ల మూడు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. వియ్యంకులు అటు, ఓటు ఇటు. ఇలాంటి మనుషులను ఏ పట్టికలోనైనా ఎలా ఎక్కించాలి?

ఈ మధ్య నేను పనిచేసే సంస్థ ఉద్యోగుల వివరాలను కొత్త వ్యవస్థలోకి మార్చింది. స్వరాష్ట్రం అన్నచోట ఒడిశా ఎంచుకున్నాను. ఆ వెంటనే మాతృభాష గడి తనంతట తానే ఒడియాగా మారి, బూడిదరంగు పులుముకుని, నొక్కినా పలకకుండా కూర్చుంది. తెలుగు కావాలంటే పైకి వెళ్లి రాష్ట్రం మార్చాలట. అంటే మాతృభాష కోసం వలస పోవాలి. సంబంధిత విభాగానికి ఫిర్యాదు పెట్టాను. ‘ఇది లోపం కాదు, రూపకల్పనే ఇలా’ అని ఒక్క ముక్క రాసి మూసేశారు. చదివి గర్వపడ్డాను. వాళ్ల స్థానంలో నేనున్నా అదే రాసేవాణ్ని.

యంత్రానికి భూగోళం తెలియదనే వాళ్లున్నారు. తెలుసు, కానీ దాని భూగోళం వేరు. 1972లో పిన్‌కోడు వచ్చినప్పుడు ఆంధ్రకు తొలి అంకె 5, ఒడిశాకు 7 ఇచ్చారు. అందుకే పాతపట్నం 532213, పర్లాకిమిడి 761200. మధ్యలో 6 ఉండాలి కదా, అదెక్కడ? తమిళనాడు, కేరళల్లో. కాకతాళీయం అనుకుంటే, కంప్యూటర్లలో ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్ చూడండి. 1991లో వచ్చిన తొలి కూర్పులోనే మన లిపులకు తలా 128 గడుల పేటలు కట్టించారు. ముందు ఒడియా పేట, ఆ పక్కన తమిళ పేట, దాని అవతల తెలుగు పేట. ఒడియా ‘క’ నుంచి తెలుగు ‘క’ వరకు సరిగ్గా 256 గడులు, నడుమ తమిళం. కనుక శాస్త్రప్రకారం పర్లాకిమిడి నుంచి పాతపట్నం పోయే ఆటో చెన్నై మీదుగా వెళ్లాలి. మా ఆటోవాళ్లు అంతర్జాతీయ ప్రమాణాలను చెవిన వేసుకోకుండా తిన్నగా వంతెనెక్కి అవతల దిగుతున్నారు.

(పేటలో బుద్ధిగా ఉన్నంత మాత్రాన మనకేమైనా గౌరవం దక్కిందా అంటే, అదీ లేదు. 2018 ఫిబ్రవరిలో జకారం, ఞకారం కలిసిన ఒక తెలుగు అక్షరం, లోపల కంటికి కనపడని గుర్తొకటి పెట్టుకుని, ప్రపంచమంతటా ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది. కంపెనీ హడావిడిగా మరమ్మతు విడుదల చేసింది. తెలుగువాళ్ల సత్తా లోకానికి తెలిసింది కానీ, ఆ ఘనత మా ఖాతాలో ఎవరూ వేయలేదు.)

మళ్లీ మా ఊరి అక్రమాలకు వస్తాను. బజారులో ఒక టీకొట్టు ఉంది. యజమాని వచ్చినవాణ్ని ఒడియాలో కూర్చోమంటాడు, పొయ్యి దగ్గరి కుర్రాణ్ని తెలుగులో తిడతాడు. సంత రోజున కొండ దిగివచ్చే సవరల దగ్గర చింతపండు బేరం వాళ్ల భాషలోనే తెగ్గొడతాడు. చెయ్యి మాత్రం ఆగదు. పాలగిన్నె మీద మీగడను చెంచాతో పక్కకు నెడుతూ మూడు భాషలు మార్చేస్తాడు. వృత్తిరీత్యా నాకు ఇందులో ఘోరమైన భద్రతా లోపం కనిపించింది. ఎదుటివాడి భాష ఏదో అడిగి, ధ్రువీకరించుకుని, ఆరంకెల సంఖ్య ఫోనుకు పంపి, అప్పుడు కదా నోరు తెరవాలి! ఇతను ముఖం చూసి తేల్చేస్తున్నాడు. నా వంతు వచ్చింది. నా ముఖం వంక చూడలేదు, భుజాన ఉన్న ల్యాప్‌టాప్ సంచి వంక చూశాడు. ‘షుగర్ లెస్?’ అన్నాడు.

ఈ జబ్బు ఇవాళ్టిది కాదు. 1880లో ఇక్కడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి పాఠం చెప్పుకుని, జీతం తీసుకుని, ఇంటికి పోవచ్చు. పోలేదు. పనిగట్టుకుని సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. ఎవరూ అడగకుండా ఇంత పత్రరచనా? మా వృత్తిలో అడిగి, బతిమాలి, గడువు పెట్టినా ఎవరూ ఒక్క పేజీ రాయరు. చాలదన్నట్టు, జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలని జీవితమంతా కొట్లాడారు. గ్రాంథికం ఓడిపోయిందని లోకం అనుకుంటోంది. ఓడిపోలేదు, వృత్తి మార్చి సాఫ్ట్‌వేర్‌లో చేరింది. పొద్దున్నే పది నిమిషాలని చెప్పి ముప్పావు గంట నిలబెట్టే మా సమావేశంలో ‘నిన్న పని చేయలేదు’ అని ఇంతవరకు ఎవరూ అనలేదు. ‘పరాధీన అంశాల స్పష్టత కొరకు నిరీక్షణలో ఉన్నది’ అంటాం. చిన్నయసూరి వింటే మెచ్చుకునేవాడు.

గిడుగువారిలో నాకు నచ్చిన పని ఒకటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన నిరసనగా రాజమండ్రి వెళ్లిపోయారు. దుఃఖంతోనే కావచ్చు. కానీ ఒక్క రాష్ట్రం ఎంచుకున్నారు, గడి నింపారు. మిగిలినవాళ్లు తొంభై ఏళ్లుగా ఆ పని తేల్చకుండా కాపురాలు చేస్తున్నారు.

ఎక్కడినుంచైనా పని చేయవచ్చన్న సూత్రాన్ని మా తరమే కనిపెట్టిందని అందరికీ తెలుసు. గోవా తీరాన కొబ్బరిబొండం పక్కన కంప్యూటర్ పెట్టి ఫోటో తీసుకునేవాణ్ని డిజిటల్ సంచారి అంటారు. గంజాం పల్లెల నుంచి సూరత్ మరమగ్గాలకు ఏళ్ల తరబడి పోయి వస్తున్నవాణ్ని ఏమీ అనరు. అతను ఫోటో పెట్టడు కదా.

ప్రయాణాల సంగతి వచ్చింది కనుక మా రైలు గురించి చెప్పాలి. పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి సొంత ఖర్చుతో పట్టాలు వేయించి 1900లో రైలు నడిపించారు. పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు. నడుస్తున్న రైలు దిగి, చెట్టు చాటుకు వెళ్లివచ్చి, అదే పెట్టె ఎక్కవచ్చని పెద్దలు చెప్పుకునేవారు. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆ రైలు ఆపేసి, 1,676 మిల్లీమీటర్ల పెద్ద లైనుకు మార్పు మొదలుపెట్టారు. 2010లో పర్లాకిమిడికి, మరుసటి ఏడు గుణుపురానికి కొత్త బండి వచ్చింది. ఆ ఆరేడేళ్లూ జనం బస్సుల్లో పడి తిరిగారు. ఇందులో నన్ను బాధించిన విషయం ఒక్కటే. 2001లో అమెరికాలోని యూటా మంచుకొండల్లో విడిది చేసిన పదిహేడుగురు సాఫ్ట్‌వేర్ నిపుణులు, పెద్ద పనిని చిన్న ముక్కలు చేసి రెండు వారాలకో, మహా అయితే రెండు నెలలకో ఒకసారి చేతికందించాలని ప్రకటన చేసి ఉన్నారు. రైల్వేవారు దాన్ని చదివి ఉంటే పక్షానికో ఫర్లాంగు చొప్పున ప్రారంభోత్సవం చేసేవారు, ప్రయాణికుడు ప్రతి ఫర్లాంగుకూ అయిదు నక్షత్రాలు ఇచ్చేవాడు.

ఇక అసలు నేరస్థలం కోటియా. ఇరవై ఒక్క కొండ గ్రామాలు. ఒడిశా లెక్కలో కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకు, ఆంధ్ర లెక్కలో సాలూరు మండలం. 1968లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకెక్కింది. 2021 ఫిబ్రవరిలో అక్కడ కొన్ని ఊళ్లలో ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్లీ కోర్టు మెట్లెక్కింది. ఈలోగా చాలామంది ఊరివాళ్లు రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు దగ్గర పెట్టుకుని, ఎవరు బియ్యమిస్తే వాళ్లకు దండం పెడుతున్నారు. ప్రోగ్రాముల్లో ఎవరు ఏం దిద్దారో లెక్క ఉంచడానికి లినస్ టోర్వాల్డ్స్ 2005లో రాసిన గిట్ అనే సాధనం ఇలాంటి తగవులను రోజుకు లక్షల్లో తీరుస్తుంది. ఇద్దరు ఒకే వాక్యాన్ని రెండు రకాలుగా దిద్దితే, రెండింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి, తేల్చేదాకా ముందుకు కదలనివ్వదు. ప్రోగ్రాములు రాసుకునే చాలా ఎడిటర్లలో ‘రెండూ ఉంచు’ అనే మీట కూడా ఉంటుంది, కానీ అనుభవం ఉన్నవాడెవడూ దాని జోలికి పోడు. కోటియా వాళ్లు దాన్ని నొక్కి, ఆ పైన హాయిగా వ్యవసాయం చేసుకుంటున్నారు.

కోర్టు దీన్ని తేల్చలేకపోవడానికి సాంకేతిక కారణం ఉందని నా అనుమానం. అత్యధిక కంప్యూటర్ల లెక్కలో కాలం 1970 జనవరి 1న పుట్టింది. అంతకుముందు తేదీలన్నీ సున్నాకు దిగువన ఉండే ఋణసంఖ్యలు. 1968 నాటి వ్యాజ్యం, 1936 నాటి రాష్ట్రం, రెండూ కాలం పుట్టకముందే జరిగిన సంగతులు. వాటిమీద విచారణ ఎలా సాగుతుంది?

అయినా పరిష్కారం దగ్గరలోనే ఉంది. 2038 జనవరి 19న పాత 32 బిట్ల యంత్రాల్లో, ఆ 1970 నుంచి పెట్టుకుంటూ వచ్చిన సెకన్ల లెక్క నిండిపోతుంది. సరిచేయని యంత్రం ఆ మరుక్షణం వెనక్కి దూకి 1901 డిసెంబర్ 13 అని చూపిస్తుంది. ఆ తేదీన ఒడిశా లేదు, ఆంధ్ర లేదు. పర్లాకిమిడి గంజాం జిల్లా, కోటియా కొండలు విశాఖపట్నం జిల్లా, రెండూ మద్రాసు ప్రెసిడెన్సీ కిందే. సమాచారం ఒక్కచోటే ఉంది. రాజావారి రైలు మొదలై ఏడాది దాటింది కాబట్టి రాకపోకలకూ లోటు లేదు. పైగా మద్రాసు ఏలుబడి కాబట్టి, పిన్‌కోడులో నడుమ తమిళనాడు ఎందుకొచ్చిందో కూడా అప్పటికి అర్థమైపోతుంది. కనుక సరిహద్దు తహసీల్దారు కార్యాలయాల్లో పాత కంప్యూటర్లను 2038 దాకా మార్చవద్దని ఇరు ప్రభుత్వాలకూ మనవి చేస్తున్నాను. ఆ ఒక్క విషయంలో రెండు రాష్ట్రాలూ ఇప్పటికే ఏకాభిప్రాయంతో పనిచేస్తున్నాయి.