సవరణ: రేడియేషన్ తర్వాత పళ్లు పీకించడం గురించి

కడపలో ఉండే మా చిన్నాయనకు నోటి క్యాన్సర్ తగ్గాక బతుకు ఎలా ఉందో మొన్న రాస్తూ, "రేడియేషన్ అయ్యి ఏడాది దాటితే పుచ్చిన పన్ను ఎక్కడైనా పీకించుకోవచ్చు" అన్నాను. అది తప్పు. సరిగా కనుక్కోకుండా రాశాను.

ఆయన్ను చూసే క్యాన్సర్ డాక్టరు, పళ్ల డాక్టరు ఇద్దరూ చెప్పింది వేరు. రేడియేషన్ తగిలిన దవడ ఎముకకు రక్తప్రసరణ తగ్గిపోతుంది, ఏళ్లు గడిచినా ఆ ముప్పు పోదు. పన్ను పీకిన చోట పుండు మానక ఎముకే చచ్చిపోవచ్చు. అందుకే పీకాల్సినవి రేడియేషన్‌కు ముందే, గాయం మానడానికి కనీసం 2 వారాలు మిగిలేలా పీకించాలి. తర్వాతైతే క్యాన్సర్ డాక్టరును అడగందే పంటి మీద చెయ్యి వేయనివ్వొద్దు.

రేడియేషన్ తర్వాత నోరెండిపోతుందని మొన్న రాసింది మాత్రం నిజమే. చిన్నాయన ఇప్పటికీ సంగటి ముద్దను మజ్జిగలో పిసికి, గుటకగుటకగా మింగుతున్నాడు. ఊరిబిండి నాలుకకు తగిలితే మంట. లాలాజలం తగ్గితే పళ్లు తొందరగా పుచ్చుతాయి, కాబట్టి రోజూ ఫ్లోరైడ్ పేస్టుతో తోమించండి.