దుంగ పోతే పోయింది, మోడునైనా దక్కించుకోండి

కడప పాలకొండల్లో ఎర్రచందనం దొంగలు పడ్డారని వార్త వచ్చినప్పుడల్లా మనం అడిగేది ఒకటే: ఎన్ని దుంగలు, ఎన్ని టన్నులు, ఎందరు దొరికారు? అసలు నష్టం ఆ లెక్కకు ఎక్కదు. వంకర చెట్టు దొంగ కంటికి ఆనదు. నిలువుగా ఎదిగి చేవ బలిసినదాన్నే వెతికి మరీ కొడతాడు. మిగిలిన నాసి చెట్లు గింజ రాలుస్తాయి. ఆ గింజలతో పెంచిన వనానికి మనం సంరక్షణ అని బోర్డు పెడతాం.

కొట్టేసిన చెట్ల మోడుల నుంచి అంట్లు కట్టి, పొరుగు రాష్ట్రాలతో కలిసి పెంచాలంటాను నేను. కాపలా పెంచితే చాలని, ఆ మొక్కలు పక్క రాష్ట్రాలకిస్తే మన గుత్తాధిపత్యం పోతుందని కొందరి వాదన. కాపలా కావలసిందే, కాదనను. గుత్తాధిపత్యం మాత్రం ఎప్పుడో పోయింది. తమిళనాడు, కర్ణాటక, కేరళ రైతుల పొలాల్లో ఎర్రచందనం పెరుగుతూనే ఉంది. అది ఏ కొండ గింజో చెప్పే చీటీ ఒక్కటే లేదు.

ఎర్రచందనం మోడు తేలిగ్గా చావదు, పిలకలు వేస్తుంది. అంటే దొంగ ఎత్తుకెళ్లిన చెట్టు జన్యువులన్నీ ఇంకా కొండ మీదే ఉన్నాయి. పైగా అది మేలైన చెట్టని దొంగే తేల్చిపెట్టాడు! మోడు చుట్టుకొలత, జీపీఎస్ గుర్తు రాసుకుని, గుబురుగా లేచిన పిలకల్లో బలమైనవి రెండు ఉంచి తక్కినవి తీసేయాలి. కొత్త ఆకు విచ్చకముందు పెన్సిల్ లావు కొమ్మ కోసి, ఏడాది మొక్క కాండం చీల్చి అందులో దూర్చి చీలిక అంటు కట్టి, పాలిథిన్ పట్టీ చుట్టాలి. ఎక్కువగా చెడేది దారిలోనే. కోసిన కొమ్మను ఎండలో కొండ దింపితే మొగ్గ వాడిపోతుంది. తడి గోనెలో చుట్టి అదే రోజు కట్టాలి. మోడు పక్కన మొలిచిన గింజ మొక్కను పిలకనుకుంటే శ్రమంతా వృథా. అందుకే పిలక మోడుకు అతుక్కున్న చోటు చూడకుండా కత్తి పెట్టకూడదు.

పొరుగువారితో పని ఇక్కడే పడుతుంది. విదేశీ మార్కెట్ ఎగబడేది అలల గీతల చేవ కోసం. ఆ అల జాతి లక్షణమా, మన రాతి నేల చలవా? ఒకే అంటును కడపలో, తమిళనాడులో, కర్ణాటకలో పక్కాగా నాటి చూస్తే తప్ప తేలదు. చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి, కనుక ఆలస్యం ఎవరికీ లాభం కాదు.

మరి ఆ పని చేసే సంస్థలు ఎక్కడున్నాయి? అటవీ జన్యు సంస్థ కోయంబత్తూరులో, కలప శాస్త్ర సంస్థ బెంగళూరులో, అటవీ జీవవైవిధ్య సంస్థ హైదరాబాద్ దూలపల్లిలో. చెట్టు మాది, పరిశోధన పరాయి ఊళ్లది! 1937లో కోస్తా, సీమ నేతలు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచీ సీమకు ఇదే వరస: నీళ్లు పైనుంచి పోతాయి, కొండ సరుకు కిందికి పోతుంది, ఆఫీసు ఇంకెక్కడో వెలుస్తుంది. మూడు రాష్ట్రాల ఉమ్మడి అంట్ల తోట, దాని రికార్డు గది కడపలోనే పెట్టాలి. వేలంలో దుంగ అమ్మిన ప్రతిసారీ రాబడిలో కొంత వాటా నేరుగా ఆ తోటకే జమ కావాలి. వేసవి కార్చిచ్చు పిలకలను కాల్చేలోపు మోడుల లెక్క మొదలుపెట్టాలి.