ముందు మీ చిత్తుప్రతి, ఆ తర్వాతే చాట్‌బాట్

అసైన్‌మెంట్‌కు ఏఐ వాడొచ్చా లేదా అన్న చర్చకు కాలం చెల్లింది. ఏ దశలో వాడారన్నదే తేడా. మొదటి పేరా దానిచేత రాయిస్తే, ఆపైన మీరు రాసేదంతా దాని వాదనకు తోకే అవుతుంది. అలా కాకుండా మీ చిత్తుప్రతి ఇచ్చి, ‘పరీక్షకుడిలా ఐదు ప్రశ్నలు అడుగు, జవాబులు చెప్పకు’ అనండి. లోపాలు ఎక్కడున్నాయో మీకే తెలుస్తుంది.

పెద్ద గొయ్యి రిఫరెన్సుల దగ్గర ఉంది. చాట్‌బాట్ వెనకున్న మోడల్ చేసే పని, ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కట్టడం. అందుకే అది ఇచ్చే రిఫరెన్సులో అసలైన ప్రొఫెసర్ పేరు, అసలైన జర్నల్, నమ్మదగ్గ పేజీ నంబర్లు అన్నీ ఉంటాయి, పేపర్ మాత్రం ఉండదు. చాట్‌జీపీటీ కల్పించిన, అసలు లేని తీర్పులను ఉటంకించిన లాయర్లకు 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఆ కేసులు నిజమేనా అని వాళ్లలో ఒకరు మళ్లీ చాట్‌జీపీటీనే అడిగారు మరి! దొంగనే సాక్ష్యం అడిగినట్టు.

డీఓఐ (పేపర్‌కు ఆన్‌లైన్‌లో ఉండే శాశ్వత గుర్తింపు లింకు) తెరిచి శీర్షిక, రచయిత, సంవత్సరం సరిపోల్చండి. పేపర్ దొరికినా పని అయిపోలేదు. మీరు రాసిన విషయం అందులో నిజంగా ఉందో లేదో ఆ పేజీ తీసి చదవాలి. ఉన్న పేపర్‌కు లేని మాట అంటగట్టిన తప్పు పైపైన చూస్తే దొరకదు.

ఇంగ్లిష్ దిద్దించుకునేటప్పుడు ‘మెరుగుపరచు’ అనకండి. ‘కావచ్చు’ అని మీరు జాగ్రత్తగా రాసిన చోట అది ‘అవుతుంది’ అని తేల్చేస్తుంది. తప్పులు, కారణాలు మాత్రం చూపించమని అడిగి, దిద్దడం మీరే చేయండి.

ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఇంకో చిక్కుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏఐ రాతను పసిగట్టే ఏడు డిటెక్టర్లను పరీక్షిస్తే, టోఫెల్ విద్యార్థులు స్వయంగా రాసిన వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని అవి ఏఐ రాసినవన్నాయి. ఓపెన్ఏఐ సొంత డిటెక్టర్ ఏఐ రాతల్లో 26 శాతమే పట్టగలిగింది. ఆ ఏడాది జులైలోనే దాన్ని పక్కన పెట్టేశారు. కాబట్టి వర్షన్ హిస్టరీ (ఎప్పుడేం మార్చారో చూపే చిట్టా) ఉండే డాక్యుమెంట్‌లోనే మొదటినుంచీ రాయండి. చాట్‌లు, చేతి నోట్సు గ్రేడు వచ్చేదాకా దాచండి. సిలబస్‌లో ఏఐ ఊసే లేకపోతే అనుమతి ఉన్నట్టు కాదు. ముందే ఈమెయిల్‌లో అడిగి, జవాబు కూడా దాచుకోండి.