ఆ మెసేజ్ చూసి క్యూకి ఎమరీ పేపర్ పట్టకండి

"కొత్తగా పూల్ ఆడేవాళ్లకు క్యూ చిట్కాలు" అనే ఫార్వర్డ్ మళ్లీ తిరుగుతోంది. క్యూ అంటే పూల్ బల్ల మీద బంతుల్ని కొట్టే కర్ర. పొద్దున బెజవాడ గ్రూపుల్లో కనబడితే సాయంత్రానికి గుంటూరు గ్రూపుల్లోకి వచ్చేస్తోంది. సారాంశం ఇదీ: ఎత్తును బట్టి పొడవు ఎంచుకోవాలి, బరువైన క్యూ కొనాలి, బల్ల మీద దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది, కొనకి అతికించే టిప్ (బంతికి తగిలే చిన్న తోలు బిళ్ల) గట్టిది వేయిస్తే ఇక మార్చక్కర్లేదు, క్యూ ముందు సన్నని ముక్క అయిన షాఫ్ట్‌ని వారానికోసారి ఎమరీ పేపర్‌తో రుద్ది కొబ్బరి నూనె పట్టించాలి, వంకర వస్తే ఎండలో పెట్టాలి, డబ్బుంటే కార్బన్ షాఫ్ట్ కొనాలి. పంపేవాళ్లలో ఒక్కరైనా చదివి పంపుతున్నారా?

పొడవు గురించి బుర్ర పాడుచేసుకోకండి. 58 అంగుళాల క్యూ దాదాపు అందరికీ సరిపోతుంది.

బరువైన క్యూతో దెబ్బ గట్టిగా పడుతుందన్నది పాత భ్రమ. 19 ఔన్సుల క్యూ అంటే సుమారు 540 గ్రాములు, వైట్ బాల్ మహా అయితే 170. క్యూ అప్పటికే మూడింతలు పైన ఉంది. 21 ఔన్సులకి వెళ్లినా, చెయ్యి అదే వేగంతో కదిలితే బంతి వేగం రెండు మూడు శాతానికి మించి పెరగదు. ఆ బరువుకి చెయ్యి నెమ్మదిస్తే అదీ దక్కదు. 19తో మొదలుపెట్టండి. చాలా క్యూల్లో బట్ (చేత్తో పట్టుకునే లావు ముక్క) అడుగున ఉండే బోల్టు మార్చి తర్వాత సర్దుకోవచ్చు.

దొర్లించి చూడటం తప్పు కాదు గానీ, బిగించిన క్యూని దొర్లిస్తే ఏ ముక్కలో తేడా ఉందో తెలియదు. షాఫ్ట్‌ని విడిగా దొర్లించి ఫెర్రుల్ (టిప్‌కి ఆనుకుని షాఫ్ట్ కొనకి ఉండే తొడుగు) కింద వెలుతురు చూడండి. ఆ సందు ఒకేలా ఉంటే సరే, తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే వంకర. షాఫ్ట్ మధ్యలో బల్లకి తగలకపోతే కంగారు పడొద్దు, చాలావాటి చెక్కుడే అలా ఉంటుంది. తర్వాత బట్ విడిగా చూడాలి. రెండూ బాగుండి, బిగించాక తేడా వస్తే లోపం రెండు ముక్కలూ కలిసే జాయింట్‌లో ఉన్నట్టు.

ఎంత గట్టి టిప్ అయినా మార్చక తప్పదు. పక్క అంచు రూపాయి బిళ్ల మందానికి అరిగిందంటే కొత్తది వేయించాలి, లేకపోతే దెబ్బంతా ఫెర్రుల్ మీద పడి పగులుతుంది. పైభాగం కూడా రూపాయి బిళ్ల అంచంత వంపుతో ఉండాలి. చదునైతే సైడ్ కొట్టినప్పుడు, అంటే బంతిని మధ్యలో కాకుండా పక్కన కొట్టినప్పుడు, జారుతుంది.

ఇక ఎమరీ పేపర్, కొబ్బరి నూనె, ఎండ. మిగతావి తప్పయినా క్యూ బతుకుతుంది. ఈ మూడూ కలిస్తే బతకదు.

మేపుల్ చెక్క షాఫ్ట్ మీద కంటికి కనిపించని సీలర్ పూత ఉంటుంది. గాలిలో తేమ చెక్కలోకి పోకుండా ఆపేది అదే. వారానికోసారి రుద్దితే ముందు ఆ పూత పోతుంది, తర్వాత చెక్క పోతుంది. ఫెర్రుల్ దగ్గర వేలు పెట్టి చూడండి, చిన్న మెట్టు తగులుతుంది. చెక్క అరిగింది, ఫెర్రుల్ అంతగా అరగలేదు. షాఫ్ట్ సన్నబడ్డాక సైడ్ కొట్టినప్పుడు బంతి పక్కకి జరిగే తీరు మారి, అలవాటైన గురి తప్పుతుంది. పోయిన చెక్కని ఎవరు తెచ్చిస్తారు?

నూనె మాట స్నూకర్ నుంచి వచ్చి ఉండాలి. అక్కడ యాష్ చెక్క క్యూలకి అవిసె నూనె పట్టిస్తారు. అది గాలి తగిలితే ఆరి గట్టిపడుతుంది. కొబ్బరి నూనె ఎన్నాళ్లయినా ఆరదు. టిప్‌కి రాసే చాక్ పొడి, చెమట దానికి అంటుకుని నీలం జిడ్డు తయారవుతుంది, వేళ్ల మధ్య షాఫ్ట్ పట్టేస్తుంది. ఆ జిడ్డు వదిలించడానికి మళ్లీ ఎమరీ పేపర్!

పూత పోయిన షాఫ్ట్ ఏసీ పార్లర్‌కీ కృష్ణ ఒడ్డు ఉక్కకీ మధ్య తిరుగుతుంటే తేమ పీలుస్తూ వదులుతూ వంగుతుంది. అప్పుడు ఎండలో పెట్టమంటారు. 40 డిగ్రీలు దాటే మన మే నెల ఎండలో! ఎండ తగిలిన వైపు ముందు ఆరి ముడుచుకుంటుంది, చెక్క ఇంకా వంగుతుంది, ఫెర్రుల్ జిగురు వదులుతుంది. బెంజ్ సర్కిల్‌లో ఎండకి ఆపిన కారు డిక్కీలో క్యూ వదిలేసినా ఇదే గతి.

చెయ్యాల్సింది చాలా తక్కువ. ఆట అయ్యాక పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. నీలం మరక మొండికేస్తే, బాగా పిండిన తడి గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టి, తోలు ముక్కతో షాఫ్ట్ వేడెక్కేదాకా గబగబా రుద్దండి. లేచిన నార అణిగిపోతుంది. కొద్దిగా కార్నోబా వ్యాక్స్ పట్టిస్తే తేమ తొందరగా ఎక్కదు. చేతికి చెమట ఎక్కువైతే గ్లవ్ తొడుక్కోండి, పౌడర్ వద్దు, అది బల్ల గుడ్డని పాడుచేస్తుంది. క్యూని గోడకి ఏటవాలుగా ఆనించకండి. విప్పి కేసులో పెట్టండి.

కార్బన్ షాఫ్ట్ మాట మాత్రం ఒప్పుకోవాలి. చెక్క తగిలినప్పటి ఆ మెత్తదనం దానికి లేదు, ధరా ఎక్కువే, అయినా మన ఉక్కకి అది వంగదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిస్తే చాలు. కొనగలిగినవాళ్లు కొనుక్కోండి. కానీ చాలావాటికి బట్ చెక్కదే కాబట్టి, ఆ క్యూని కూడా డిక్కీలో వదలకండి.