జాబితాలో పేరు, కోర్టులో చోటు

2023 ఆగస్టు 30న అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం తన అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం మధ్యలో వాలీబాల్ కోర్టు పరిచి, ఒమాహా జట్టుతో ఆడింది. చూడ్డానికి వచ్చినవాళ్లు 92,003 మంది. ఆడపిల్లల ఆట ఎవరు చూస్తారన్న పాత ప్రశ్నకు ఆ విశ్వవిద్యాలయం ఉన్న లింకన్ నగరం ఆ సాయంత్రం జవాబు చెప్పేసింది. అయినా అమెరికా విశ్వవిద్యాలయాల్లో చాలా మహిళా జట్ల బతుకు ప్రేక్షకుల చేతిలో లేదు. క్రీడా విభాగం వేసే లెక్క చేతిలో ఉంది.

ప్రభుత్వ సొమ్ము అందుకునే విద్యాసంస్థలో ఆడామగా తేడా చూపకూడదని 1972 నాటి టైటిల్ నైన్ చట్టం చెబుతుంది. దాన్ని పాటిస్తున్నామని చూపించడానికి 1979 వివరణ మూడు దారులిచ్చింది. మొదటిది, విద్యార్థుల్లో అమ్మాయిల వాటా ఎంతో క్రీడాకారుల్లోనూ దాదాపు అంతే ఉండటం. ఫుట్‌బాల్ జట్టుకు ఇప్పుడున్న పరిమితి 105 మంది. వాలీబాల్‌కు 18. ఆ ఒక్క ఫుట్‌బాల్ జట్టుకు సరితూగాలంటే ఆరు వాలీబాల్ జట్లు కావాలి. కొత్త జట్టు పెట్టడం కంటే ఉన్న పేర్లనే పెంచి చూపడం చవక. మోసం మొదలయ్యేది అక్కడే.

కనెక్టికట్‌లోని క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయం సంగతే తీసుకుందాం. 2009 మార్చిలో ఖర్చు తగ్గించుకునే పేరుతో మహిళల వాలీబాల్ జట్టును ఎత్తేసి, పోటీ చీర్‌లీడింగ్ (జట్లు విన్యాసాలతో పోటీపడే ఆట) పెడతామని ప్రకటించింది. క్రీడాకారిణులు, కోచ్ కోర్టుకెక్కారు. విచారణలో లెక్కలన్నీ బయటపడ్డాయి. క్రాస్‌కంట్రీ పరుగు జట్టులోని 18 మందిని ఇండోర్, అవుట్‌డోర్ ట్రాక్ జట్లలోనూ చేర్చి 54గా చూపారు. వాటిలో నిజంగా పోటీపడే అవకాశం లేని 11 చోట్లను జడ్జి కొట్టేశారు. చీర్‌లీడింగ్‌కు అప్పటికి ఒకే తీరు నియమాలు, సరైన పోటీల క్రమం లేవు కాబట్టి ఆ 30 చోట్లూ పోయాయి. చివరికి విద్యార్థుల్లో అమ్మాయిలు 61.87 శాతం, క్రీడాకారుల్లో 58.25 శాతం అని తేలింది. తేడా 3.62 శాతమే కదా అనిపించవచ్చు. అది 38 చోట్లతో సమానం, అంటే ఓ వాలీబాల్ జట్టుకు రెట్టింపు. 2012లో అప్పీలు కోర్టు కూడా ఈ తీర్పునే సమర్థించింది. జట్టు నిలిచింది.

ఆ గెలుపును ఇప్పుడు డబ్బు వెనక్కి లాగుతోందన్నదే మా ఆందోళన. గ్రాంట్ హౌస్ అనే ఈతగాడి పేరుతో కళాశాల క్రీడల సంఘం ఎన్‌సీఏఏపై నడిచిన హౌస్ కేసులో 2025 జూన్ 6న కోర్టు ఆమోదం పొందిన ఒప్పందంతో, విశ్వవిద్యాలయాలు 2025-26లో క్రీడాకారులకు నేరుగా దాదాపు 2.05 కోట్ల డాలర్ల దాకా పంచవచ్చు. అందులో అమ్మాయిలకు ఎంతివ్వాలో ఒప్పందం చెప్పలేదు. ఈ చెల్లింపులకూ టైటిల్ నైన్ వర్తిస్తుందని 2025 జనవరిలో విద్యాశాఖ చెప్పింది. ప్రభుత్వం మారగానే ఫిబ్రవరిలో ఆ మాట వెనక్కి తీసుకుంది. అదే ఒప్పందంలో పాత క్రీడాకారులకు బకాయిల కింద ఇచ్చే సుమారు 280 కోట్ల డాలర్లలో సింహభాగం ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకే వెళ్లేలా పంపకం ఉంది. దీనిపై మహిళా క్రీడాకారులు అప్పీలు చేశారు. వాళ్ల వాదన న్యాయమైనదని మేం నమ్ముతున్నాం. స్కాలర్‌షిప్‌కు వర్తించే సమానత్వం జీతం లాంటి ఈ చెల్లింపుకు ఎందుకు వర్తించదో ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

వాలీబాల్‌లో మరో మార్పు వచ్చింది. ఇదివరకు జట్టుకు 12 స్కాలర్‌షిప్‌లు, ప్రతిదీ పూర్తిది. కొత్త పద్ధతిలో చేరిన చోట 18 మందికీ ఇవ్వవచ్చు, కానీ ముక్కలు చేసి ఇవ్వడానికీ వీలుంది. పైగా కొత్తగా ఇచ్చే స్కాలర్‌షిప్‌లలో 25 లక్షల డాలర్ల వరకు పైన చెప్పిన 2.05 కోట్ల డాలర్ల పరిమితిలోంచే తరుగుతాయి. కాబట్టి చోట్లు పెరిగాయన్న ప్రకటన చూసి అమ్మాయిల చేతికి వచ్చేది పెరిగిందనుకోలేం.

ఏటా విద్యాశాఖకు ఇచ్చే క్రీడా సమానత్వ నివేదికల నిబంధనలనూ సవరించాలి. సాధన కోసం మహిళల జట్టుతో ఆడే అబ్బాయిలను ఆ జట్టు సంఖ్యలో కలపడాన్ని అవి నేటికీ అనుమతిస్తున్నాయి. దాన్ని తీసేయాలి. ఒకే అమ్మాయి మూడు జట్లలో ఉంటే, ఎంతమంది వేర్వేరు మనుషులో పక్కనే ప్రముఖంగా రాయించాలి. నేరుగా పంచే డబ్బు ఏ జట్టుకు ఎంత వెళ్లిందో కూడా అందులోనే చూపించాలి.

ఈలోగా, అక్కడ కూతుళ్లను వాలీబాల్ ఆడిస్తున్న కుటుంబాలు, మన తెలుగువాళ్లతో సహా, సంతకం చేసే ముందు కోచ్‌ను రాతపూర్వకంగా అడగాలి: 18 మందిలో పూర్తి స్కాలర్‌షిప్ ఎందరికి? మా అమ్మాయిది ఒక్క ఏడాదికా, నాలుగేళ్లకా? గాయపడితే చోటు ఉంటుందా?