శిబిరాలకే గడువా?

మణిపుర్‌లోని సహాయ శిబిరాలన్నింటినీ 2025 డిసెంబరు నాటికి మూసేస్తామని, సొంతూళ్లకు వెళ్లలేనివారికి ముందే తయారైన భాగాలతో బిగించే ప్రీఫ్యాబ్ ఇళ్లు ఇస్తామని ఆ ఏడాది జులైలో, రాష్ట్రపతి పాలనలో ఉన్న అక్కడి అధికార యంత్రాంగం ప్రకటించింది. కాలిపోయిన ఇల్లు కాలినట్టే ఉండగా, మనిషిని ఒక తాత్కాలిక గూటి నుంచి మరో తాత్కాలిక గూటికి తరలించి దానికి పునరావాసమని పేరుపెట్టడం ఎంతమాత్రం సమ్మతం కాదు.

2023 మే 3న రాజుకున్న మెయితీ-కుకీ ఘర్షణలు 260 మందికి పైగా ప్రాణాలు తీశాయి, దాదాపు 60 వేల మందిని నిరాశ్రయులను చేశాయి. లోయలోని మెయితీలకూ కొండల్లోని కుకీలకూ నడుమ బలగాలను నిలిపి బఫర్ జోన్ గీత గీయకపోతే మరింత రక్తం పారేదన్న వాదనలో నిజం లేకపోలేదు. అయితే ఆ గీతే పరిష్కారమై కూర్చోవడం మాత్రం ప్రమాదకరం. చురాచాంద్‌పుర్ కుకీలు చేరువలోనే ఉన్నా మెయితీల లోయలోని ఇంఫాల్ విమానాశ్రయాన్ని కాదనుకుని, రోగులను సైతం వెంటబెట్టుకుని, కొండదారుల్లో పక్క రాష్ట్రం మిజోరంలోని ఐజోల్ దాకా పోయి విమానం ఎక్కాల్సి వచ్చింది. కుకీల ప్రాంతమైన కాంగ్‌పోక్పి మీదుగా నాగాలాండ్‌లోని దిమాపుర్ వెళ్లే జాతీయ రహదారి మెయితీలకు మూసుకుపోయింది. 2025 మార్చి 8న స్వేచ్ఛగా తిరగవచ్చని ఆదేశమిచ్చి బస్సులు కదిలిస్తే, కాంగ్‌పోక్పిలో అల్లర్లు చెలరేగి ఒకరు మరణించారు.

తుపాకీ మోత ఆగడం వేరు, కలహానికి మూలమైన అన్యాయం తొలగడం వేరని నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ 1960ల్లోనే విడమరిచారు. అగ్రనేతలకూ సామాన్యులకూ మధ్య నిలిచే స్థానిక పెద్దల చేతనే సయోధ్య నిలబడుతుందని అమెరికా శాంతి అధ్యయనవేత్త జాన్ పాల్ లెడరాక్ బోధించారు. మనవాళ్లు చేసిందేమిటి? 2023 జూన్‌లో గవర్నర్ అధ్యక్షతన 51 మందితో శాంతి సంఘం వేశారు. తమను అడగకుండానే పేర్లు చేర్చారని కొందరు, మెయితీ వర్గానికి చెందిన నాటి ముఖ్యమంత్రి బీరేన్ సింగ్‌తో కలిసి కూర్చోలేమని మరికొందరు తప్పుకోవడంతో అది పురిట్లోనే చతికిలపడింది. మారణహోమం చూసిన రువాండాలో 2012 దాకా సాగిన గచాచా గ్రామ న్యాయస్థానాలపై విమర్శలకు కొదవలేదు. అయినా అక్కడ బాధితుడు, నిందితుడు ఒకే పచ్చికపై ఎదురెదురుగా కూర్చున్నారు. ఇక్కడ ఆరు నెలల్లో నిజం తేల్చాలని కేంద్రం వేసిన న్యాయ విచారణ కమిషన్‌కు పొడిగింపుల మీద పొడిగింపులే దక్కాయి.

రెండు వర్గాలు కలహించుకుంటే మధ్యన గీత గీసి చేతులు దులుపుకోవచ్చని మణిపుర్‌లో రుజువైతే, రేపు ఏ రాష్ట్రంలోనైనా ప్రభుత్వానికి అదే దారి దొరుకుతుంది. ఒక జిల్లాలో, ఒక మండలంలో, చివరకు ఒక ఊళ్లో కూడా గీత గీయవచ్చు. నాడు ఇంఫాల్‌లో చిక్కుకున్న తెలుగు విద్యార్థులను రెండు ప్రభుత్వాలూ ప్రత్యేక విమానాల్లో తెచ్చుకున్నాక మనమంతా ఊపిరి పీల్చుకున్నాం, ఆపై అటు తిరిగి చూడలేదు. ఈ పత్రికకూ ఆ తప్పులో వాటా ఉంది. కానీ పాలకుల ఉపేక్షను మరుపు అనలేం. నేరమెవరిదో తేల్చే గడువును అలవోకగా పొడిగించిన ఢిల్లీకి, నిరాశ్రయులను శిబిరం దాటించడానికి మాత్రమే క్యాలెండరు ఎందుకు గుర్తొచ్చింది?