‘నోటెడ్ సార్’ గారికి

మహారాజశ్రీ ‘నోటెడ్ సార్’ గారి సముఖమునకు, గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక హోమ్‌లోన్ సేల్స్ కుర్రాడు నమస్కరించి వ్రాయునది.

నేను క్షేమం. అంటే, ఆఫీసు వాట్సాప్ గ్రూపులో క్షేమం. రాత్రి పదీ నలభైకి “ఇవాళ లాగిన్లు ఎన్ని? సిగ్గనిపించట్లేదా?” అని మేనేజరు గారి మెసేజ్ పడగానే, జవాబుగా నాకంటే ముందు తమరే లేస్తారు. (లాగిన్ అంటే బ్యాంకులో పెట్టించిన లోన్ దరఖాస్తు.) నాకొచ్చింది కోపమో, భయమో, ఏడుపో తేల్చుకునేలోపే నా పేరు మీద హాజరు వేయించేసుకుంటారు. పద్నాలుగు మందిమి ఉన్నాం, వరసగా పద్నాలుగు సార్లు. మా తాతయ్య గేదె కూడా రెండు పూటలు పితికాక మూడోసారి చెయ్యేస్తే తన్నేది.

పోయిన శనివారం బెజవాడలో, బెంజి సర్కిల్ దగ్గరి హోటల్లో మాకు ‘ఎమోషనల్ ఇంటెలిజెన్స్’, అంటే మనసులో భావాల్ని గుర్తుపట్టి నడుపుకునే తెలివి మీద వర్క్‌షాప్ పెట్టారు. మేనేజరు గారు రాలేదు, రివ్యూ ఉందట. ట్రైనర్ మంచావిడే. 1990లో సాలొవే, మేయర్ అనే అమెరికా సైకాలజిస్టులు దీనికి నిర్వచనం రాశారని, 1995లో గోల్‌మన్ పుస్తకంతో ఊరూరా పాకిందని చెప్పింది. ముందు మన లోపల ఏముందో గుర్తుపట్టి పేరు పెట్టాలట. చీటీలిచ్చి రాయమంది. చాలాసేపు పెన్ను కొరికి ‘ఆకలి’ అని రాశాను. అదీ అబద్ధమే, అప్పటికే రెండు సమోసాలు తిన్నాను.

తర్వాత బర్నౌట్, అంటే పనితో పూర్తిగా అలిసి చతికిలబడటం మీద స్లైడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందట: అది జబ్బు కాదు, పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిగ్గా సంభాళించకపోతే వచ్చేది. “సంభాళించాల్సింది ఎవరండీ?” అని మా పక్క సీటమ్మాయి అడిగింది. “మంచి ప్రశ్న” అని టీ బ్రేక్ ఇచ్చారు.

మా ఊళ్ళో ఒక సదుపాయం ఉంది. కళ్ళు ఎర్రబడితే ఎవరూ కారణం అడగరు. నా లోన్ పార్టీల్లో సగం మంది మిర్చి యార్డు వాళ్ళే. మార్చి నెలాఖర్లో ఒకరోజు యార్డు బయట బైకు ఆపుకుని ఏడుస్తుంటే, ముఠా కూలీ పెద్దాయన ఒకాయన “కొత్తా బాబూ? ఘాటు అలవాటవుద్దిలే” అని తన తుండు ఇచ్చాడు. ఆయనకీ అలవాటుకొద్దీ తమర్నే పంపాను.

ఇంట్లోకీ వచ్చేస్తున్నారు, పేచీ అక్కడే. “చిక్కిపోయావురా” అంది అమ్మ. “నోటెడ్” అన్నాను. “ఎక్కడ రాసుకున్నావో చూపించు” అంది.

నిన్న లిఫ్టు పక్కన మేనేజరు గారు ఫోనులో పైవాళ్ళకి తమర్నే వరసగా పంపుతున్నారు. ఖాళీ చెయ్యి గోడ సున్నం గీకుతోంది. నాకు జాలేసింది. చూశారా, పేరు పెట్టాను! అయిదు నిమిషాలకి వచ్చి నా టేబుల్ మీద ఫైలు విసిరారు. కోపం. దానికీ పెట్టాను.

రేపు ఆదివారం పదింటికి రివ్యూ కాల్ అట. తమరు విశ్రాంతి తీసుకోండి. ‘ఆదివారం కుదరదు సార్’ అనే కొత్త కుర్రాణ్ణి పంపుదామని ఉంది. పాపం వాడికింకా గొంతు పెగల్లేదు. అందుకని తమరు మరీ దూరం వెళ్ళకండి.

ఇట్లు,
తమరి ఖాతాదారు